వాకిట్లో బొంబాయి గడ్డి

"గడ్డి పరిచినంక సాన్పు యాడ చల్లాలె?"

జానకీబాయి ఈ మాట అడగడం ఆ వారంలో మొదటిసారి కాదు. ఆమె భర్త శ్రీధర్‌రావు చాయ్‌ని సాసరులో పోసుకుని ఊదుతూ, చాయ్‌తోపాటు ఆ ప్రశ్న కూడా చల్లారుతుందేమోనని చూస్తున్నాడు. చాయ్ చల్లారింది గాని ప్రశ్న చల్లారలేదు.

"గా పెండనీళ్ల ముచ్చట ఇడిచిపెట్టు జర. ఆదివారం పొద్దుగాల పదింటికి క్లబ్బు కమిటీ మొత్తం మనింటికి చాయ్‌కి వస్తుండ్రు. గదే సాయంత్రం ఎలక్షన్. పచ్చటి లాన్ మీద కుర్సీలు ఏసి కూసుండబెట్టాలె. లింగారావు ఇంటి ముందట ఉంటే మనింటి ముందట ఎందుకుండద్దు?"

"లింగారావుది మొరం జాగ. నీళ్లు పోస్తే గడ్డి మొలుస్తది. మనది నల్లరేగడి. ఎండకాలం నెర్రెలు వాస్తది, వానకాలం కాళ్లకున్న చెప్పులు గుంజుకుంటది. గీ మట్టిల గడ్డి ఎట్ల నిలుస్తది?"

"అందుకే గదా మొలిచే పని లేని గడ్డి తెప్పిస్తున్న."

ఆదిలాబాద్‌లో శ్రీధర్‌రావుకు ఒక జిన్నింగు మిల్లులో వాటా ఉంది, సొంత ఇల్లుంది, ఎవరూ కాదనలేని ఇంటిపేరుంది. లేనిదల్లా క్లబ్బు అధ్యక్ష పదవి. పంద్రాగస్టు నాడు కలెక్టరు పక్క కుర్చీలో కూర్చునేది క్లబ్బు అధ్యక్షుడు. ఆ కుర్చీ కోసం శ్రీధర్‌రావు ఏళ్ల తరబడి పేకాటలో కావాలని ఓడిపోతూ వచ్చాడు. అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం వచ్చేవారు. ఈసారి అడ్డం వచ్చింది వరసకు బావ అయ్యే లింగారావు. లింగారావులో శ్రీధర్‌రావుకు కనబడిన ఒకే ఒక్క గొప్ప అతని ఇంటి ముందున్న పచ్చిక. సాయంత్రం పూట దానిమీద కూర్చుని చాయ్ తాగిన వాళ్లు లేచేటప్పటికి లింగారావు మనుషులైపోతున్నారని శ్రీధర్‌రావు గట్టి నమ్మకం. మిల్లు సామాను కోసం బొంబాయి వెళ్లినప్పుడు ఒక హోటలు మేడ మీద ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉండటం చూశాడు. ఆ రాత్రి సంతోషంతో ఆయనకు నిద్ర పట్టలేదు.

"సాన్పు లేని వాకిలి ఎట్లాంటి ఇంటికి ఉంటదో మీకెరుక లేదా?" అంది జానకీబాయి.

"బొంబాయిల ఎవల వాకిట్ల సాన్పు ఉన్నది? అందరు బతికే ఉన్నరు."

అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్న శ్రీధర్‌రావు తండ్రి జలపతిరావుకు వేరే సందేహం వచ్చింది. "ఏమిరా, వాకిట్ల గడ్డి ఏస్తే బర్రెలొచ్చి తినయా?"

"ప్లాస్టికు గడ్డి బాపూ. బర్రెలు తినయి."

"బర్రెలు తినకుంటె గడ్డెందుకురా మరి?"

ఈ సందేహం గడ్డి అమ్మిన బొంబాయి దుకాణదారుకు కూడా రాలేదు.

గురువారం తెల్లవారుజామున లారీ వచ్చింది. వీధి మొదట్లో మురుగు మోరీ మీద కల్వర్టు కడుతున్నారు గనుక అక్కడే ఆగిపోయింది. గడ్డి చుట్ట మనిషి పొడుగున ఉంది. దుమ్ము పడకుండా దానికి నిండా తెల్లగుడ్డ చుట్టి, తలదగ్గర, నడుం దగ్గర, కాళ్లదగ్గర అన్నట్టుగా తాళ్లు కట్టారు. నలుగురు హమాలీలు భుజాలకెత్తుకున్నారు. స్నానం మధ్యలో కబురందిన శ్రీధర్‌రావు తడితలతో, భుజాన తువ్వాలతో, చెప్పుల్లేకుండా ముందు నడిచాడు. "నిమ్మళంగ, నిమ్మళంగ, కింద పెట్టొద్దు" అని ఆయన గొంతు తగ్గించి చెబుతుంటే, పక్కింటి గంగుబాయి కిటికీలోంచి చూసి రెండు చేతులూ జోడించింది. పోయినవాళ్లను ఇంట్లోంచి బయటికి మోస్తారు గాని బయటినుంచి ఇంట్లోకి మోయరు. ఆ తేడా గమనించేటంత వెలుతురు ఇంకా రాలేదు.

కాసేపటికి పెండనీళ్ల బకెట్టుతో పనిమనిషి ఐలవ్వ వచ్చింది. శ్రీధర్‌రావు ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు.

"ఇగ సాన్పు చల్లద్దు ఐలవ్వా."

"ఇయ్యాల్టికా దొరా?"

"ఇయ్యాల్టికి గాదు. ఇగ ఎన్నడు అక్కర్లేదు."

జానకీబాయి పెళ్లయి వచ్చిననాటినుంచి ఆ వాకిట్లో రోజూ సానుపు చల్లిన ఐలవ్వకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ కళ్లనీళ్లతోనే తను పనిచేసే మిగతా ఇళ్లకు పోయింది. ఏమైందే అని అడిగిన వాళ్లందరికీ జరిగింది జరిగినట్టే చెప్పింది. "దొర వాకిట్ల ఇగ సాన్పు లేదమ్మా" అనడం తప్ప ఒక్క అబద్ధం కలపలేదు.

ఇక మట్టి పని. దుకాణదారు చెప్పిన పద్ధతి శ్రీధర్‌రావుకు నోటికి వచ్చు. జానెడు లోతు మట్టి తీసెయ్యాలి, కంకర పరవాలి, దానిమీద ఇసక, దానిమీద గడ్డి. కింద ఒక సిమెంటు పైపు వీధి మోరీ దాకా వాలుగా వెయ్యాలి. వాన నీళ్లన్నీ పైపులోంచి మోరీలోకి పోవాలి. మేస్త్రీ రాజానికి ఇదంతా చెబితే అతను తల ఊపాడు. ఏ పనికీ కాదనకపోవడం రాజం గొప్పగుణం. ఊళ్లో వంగిన గోడల్లో సగం ఆ గుణం వల్ల వంగినవే.

"వాలు సరిగ్గ ఉన్నదా?" అని శ్రీధర్‌రావు శుక్రవారం అడిగాడు.

"చూడుండ్రి దొరా." రాజం జేబులోంచి ఒక గోళీ తీసి ఇంటివైపు పైపు మూతిలో వదిలాడు. గోళీ గలగలమంటూ పోయి మోరీలో పడింది. "గోళీ పోయినంక నీళ్లు పోవా?"

ఈ తవ్వకం వల్ల అరుగు మీదికి వచ్చే దారి తెగిపోయింది. జలపతిరావుకు కొద్దిగా జ్వరం కూడా తగిలి వెనక గదిలో పడుకున్నాడు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాణ్నీ "ఎటు వోతున్నవురా" అని ఆపే మనిషి గురువారం నుంచి కనబడలేదు. వీధిలో వాళ్లు మొదట హాయిగా నడిచిపోయారు. తర్వాత అనుమానపడ్డారు.

శనివారం సాయంత్రానికి గడ్డి పరిచారు. నిజంగానే పచ్చగా ఉంది. చిలక కూడా అంత పచ్చగా ఉండదు. శ్రీధర్‌రావు కుర్చీ వేసుకుని కూర్చుని, లేచి, ఇంకోచోట వేసుకుని కూర్చున్నాడు. కలెక్టరు పక్కన ఎలా కూర్చోవాలో కూడా ఒకసారి కూర్చుని చూసుకున్నాడు.

ఆ రాత్రి, ఇంకా మిరుగం కార్తె రాకముందే, వాన కొట్టింది.

ఆదివారం పొద్దున్న శ్రీధర్‌రావు తలుపు తీసేసరికి గడ్డి ఇంకా పచ్చగా, కడిగినట్టుగా ఉంది. అయితే మధ్యలో చూడి బర్రె కడుపులా ఉబ్బి ఉంది. కాలు పెడితే అక్కడ అణిగి, అవతల లేచింది. రాజాన్ని పిలిపించారు. అతను మోరీ దగ్గర కూర్చుని పైపులోకి చాలాసేపు చూశాడు.

"రేగడి ఉబ్బింది దొరా. ఉబ్బి, పైపు అవతలి మూతిని మీదికి లేపింది. వాలు మనింటి దిక్కు తిరిగింది. కల్వర్టు కాడ మోరి నిండింది. గా నీళ్లన్ని మనింటికే వస్తున్నయి."

"అంటే వీధి నీళ్లు నా వాకిలి దిక్కు తోలుకొచ్చినవా? నీ గోళీ ఏమాయెరా?"

"గోళీ ఎండల పోయింది దొరా. నీళ్లు వానల వచ్చినయి."

గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. పైపు తవ్వడానికి టైము లేదు. శ్రీధర్‌రావు తల పట్టుకుని ఆలోచించి, గడ్డికి బొక్కలు లేవు గనుక నీళ్లకు ఊపిరాడటం లేదని తేల్చాడు. బొక్కలు పెడితే అన్నీ సర్దుకుంటాయి. రాజం కాదనలేదు. గేటు ముందు రెండు మొద్దులు, నాలుగు పిడకలు పేర్చి నిప్పు పెట్టాడు. ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి తెచ్చి గడ్డిని పొడవడం మొదలుపెట్టాడు. వాకిలంతా పొగ కమ్మింది.

ఆ పొగకు జలపతిరావు బయటికి వచ్చాడు. జ్వరం తగ్గింది. గడ్డి మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టి, మెల్లగా కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు.

"అరేయ్ శ్రీధర్, దూది పరుపు గూడ ఇంత మెత్తగ ఉండది. కింద సల్లగ ఊగుతుంది."

"మామా, నేల మీద గట్ల పండుకోవద్దు, లేవుండ్రి. ఎవలన్న చూస్తరు" అంది జానకీబాయి గడపలోంచి.

"చూడనీ బిడ్డా. నా వాకిట్ల నేను పండుకున్న. జరసేపు నడుము సల్లబడనీ."

పొగ ఉత్తరం నుంచి వస్తోందని ముసలాయన తల దక్షిణానికి తిప్పుకున్నాడు. ఈగలు వాలుతున్నాయని పైమీది తెల్లపంచెను ముఖం మీదుగా కప్పుకున్నాడు. పరుపు గుణమో, జ్వరం వదిలిన నీరసమో, వెంటనే నిద్రపోయాడు.

సానుపు లేదు, ముగ్గు లేదు. గేటు ముందు మొద్దులు మండుతున్నాయి. ఇంటి పెద్ద నేలమీద దక్షిణపు తలతో, తెల్లగుడ్డ కప్పుకుని ఉన్నాడు. ఇంతకన్నా ఆధారం కావాలనేవాడు ఆ వీధిలో లేడు.

దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి, చెప్పులు విడిచి, చేతులు జోడించి, మాట్లాడకుండా పోతున్నారు. శ్రీధర్‌రావు వాళ్లకు చిరునవ్వుతో ప్రతినమస్కారం చేస్తూ భార్యతో అన్నాడు: "చూసినవా? మొన్నటిదాక గీ గేటు దిక్కు చూసినోడు లేడు. గడ్డికి ఎంత మర్యాద ఉన్నదో చూడు."

గంగుబాయి తన కోడలితో జొన్నరొట్టెలు, శెనగపిండి పిట్ల పంపింది. ఆ పిల్ల గిన్నె జానకీబాయి చేతికిచ్చి, తల ఎత్తకుండా "పిల్లలకన్న పెట్టుండ్రి పిన్నీ, మీరు గూడ జర తినుండ్రి" అని వెళ్లిపోయింది. ఆ ఇంట్లో పిల్లలెవరూ లేరు. జానకీబాయి గిన్నెవైపు చూసింది, మామగారివైపు చూసింది, నిప్పువైపు చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

"ఇటు జర రండి. మంది ఏమనుకుంటుండ్రో తెలుస్తుందా?"

"అధ్యక్షుణ్ని అనుకుంటుండ్రు. పాలు మరిగినయా లేదా చూడు ముందుగాల."

ఆమె లోపలికి పోయి పాలు చూసింది. చెప్పాల్సిన మాట ఒకసారి చెప్పింది. సానుపు ముచ్చటలా దీన్నీ పదేపదే చెప్పదలుచుకోలేదు.

పది అయింది. పదిన్నర అయింది. కమిటీ రాలేదు. నిజానికి వాళ్లు పదికే బయల్దేరారు. వీధి మలుపులో కబురు తెలిసి, చావింటికి చాయ్ తాగడానికి పోతే బాగుండదని వెనక్కి తిరిగి క్లబ్బులో కూర్చున్నారు. శ్రీధర్‌రావు ప్రతి నిమిషం గేటు దాకా వచ్చి, నిప్పు చుట్టూ తిరిగి, వెనక్కి పోతున్నాడు. చూసేవాళ్లకు ఆయన పరేషానీ కడుపు తరుక్కుపోయేలా ఉంది.

పదకొండు దాటాక వచ్చారు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ముందు లింగారావు, అతని చేతిలో పెద్ద బంతిపూల దండ. పక్కన క్లబ్బు కార్యదర్శి వకీలు బాలమల్లు. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు.

దండ చూడగానే శ్రీధర్‌రావుకు సంగతి అర్థమైంది. ఎలక్షన్ లేకుండానే తేల్చేశారన్నమాట. అదీ లింగారావు చేతుల మీదుగా. శ్రీధర్‌రావు కళ్లు చెమర్చాయి. గబగబా ఎదురువెళ్లి, మెడ కాస్త ముందుకు వంచి నిలబడ్డాడు.

లింగారావు ఆయన భుజం తట్టాడు. "నిబ్బరం జేసుకో బావా" అని, వంగిన మెడను దాటుకుని గడ్డి మీదికి నడిచాడు.

వాళ్లు నడుస్తుంటే రాజం పొడిచిన బొక్కల్లోంచి నీళ్లు లేచాయి. ఒక అడుగు వేస్తే ముందొకటి, పక్కనొకటి చిన్న చిన్న ధారలు. మోరీ నీళ్లు. తెల్లపంచెల మీద నల్లటి చుక్కలు పడుతున్నాయి. పరామర్శకు వచ్చినవాళ్లు పంచెలు దులుపుకోకూడదు గనుక, ఎవరూ దులుపుకోలేదు. బాలమల్లు ముక్కు మాత్రం ఒకసారి ఎగబీల్చాడు. దాన్ని అందరూ దుఃఖమే అనుకున్నారు.

లింగారావు పెద్దాయన పక్కన రెండు మోకాళ్ల మీద కూర్చుని, దండను రొమ్ము మీద పెట్టాడు. లింగారావు కొంచెం భారీ మనిషి. ఆయన మోకాళ్లు అణిగిన చోటి నీళ్లన్నీ జలపతిరావు చెవి పక్కనున్న బొక్కలోంచి పైకి చిమ్మాయి.

"ఎవడ్రా నీళ్లు చల్లింది?" అంటూ శవం లేచి కూర్చుంది.

కమిటీ మొత్తం ఒక్క గెంతులో అరుగెక్కింది. లింగారావు లేవబోయి జారి, గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు. జలపతిరావు మెడలోకి జారిన దండను చూసుకుని, కింద పడి ఉన్న లింగారావును చూశాడు.

"ఏమైందిరా లింగా? గీ దండ దేనికి? నాకు మల్ల పెండ్లి జేస్తుండ్రా ఏంది?"

"మామా, మీరు... మంచిగున్నరా?"

"నడుమొక్కటే గుంజుతుంది. కూసో, నువ్వు గూడ పండు. మంచిగుంటది."

అసలు సంగతి తేలడానికి కొంతసేపు పట్టింది. తేలాక శ్రీధర్‌రావు మొదట నవ్వాడు, అందరూ నవ్వారు. తర్వాత బాలమల్లు గొంతు సవరించుకున్నాడు.

"ఒక చిన్న చిక్కున్నది శ్రీధర్‌రావ్. క్లబ్బుల రెండు తీర్మానాలు చేసినం. మొదటిది సంతాపం. రెండోది... మైల పదకొండు దినాలు గదా, నువ్వు క్లబ్బు గడప తొక్కరాదు గదా. నీ దుఃఖంల నిన్ను ఎలక్షన్ అని సతాయించుడు ధర్మం గాదని, లింగారావును ఏకగ్రీవంగ అధ్యక్షుణ్ని చేసినం. నీ మీది గౌరవంతోనే."

శ్రీధర్‌రావు ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. "మా బాపు బతికే ఉన్నడు గదా. మల్ల మీటింగు పెట్టుండ్రి."

"పెట్టొచ్చు. గని అందరం నిలబడి మౌనం పాటించి చేసిన తీర్మానం అది. కూసోని రద్దు చేస్తే బాగుంటదా?"

"మీ బాపు దక్కిండు బావా" అన్నాడు లింగారావు, పంచె పిండుకుంటూ. "కొడుకన్నోనికి గంతకంటె ఏం గావాలె? పదవిదేముంది, ఇయ్యాల నా కాడ ఉంటది, రేపు గూడ నా కాడనే ఉంటది."

జలపతిరావుకు మాత్రం వేరే ఆసక్తి కలిగింది. "మొదటి తీర్మానంల నా గురించి ఏం జెప్పిండ్రు?"

బాలమల్లు కొంచెం సిగ్గుపడి, ఉదారహృదయుడనీ, పేదల పాలిటి పెన్నిధి అనీ, ఈ లోటు పూడ్చరానిదనీ చెప్పాడు.

"మల్లొకసారి జెప్పు" అన్నాడు జలపతిరావు.

కమిటీ వెళ్లిపోయింది. శ్రీధర్‌రావు కుర్చీని గడ్డి మీదికి తెచ్చి వేసుకున్నాడు. దాని ఒక కాలు బొక్కలో దిగబడి, పక్కకు ఒరిగింది. ఆయన అట్లాగే ఒరిగి కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక వీధి మొదట్లో ఏడుపు వినబడింది. జలపతిరావు కూతురు తారాబాయి, లింగారావు ఫోను అందుకుని ఆసిఫాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, "బాపూ, ఒక్కమాట చెప్పకుండ పోయినవా" అని రాగం తీస్తూ గేటులోకి వచ్చింది. అరుగు మీద తండ్రి మెడలో దండతో కూర్చుని, గంగుబాయి పంపిన పిట్లలో రొట్టె అద్దుకుని తింటున్నాడు.

"రా బిడ్డా. తిన్నవా?"

తారాబాయి రాగం మధ్యలో ఆగిపోయింది. కాసేపు తమ్ముణ్ని తిట్టింది, కాసేపు లింగారావును తిట్టింది, బస్సులో దారిపొడుగునా ఏడ్చినందుకు తనను తాను తిట్టుకుంది. ఆ పైన చటుక్కున ఏదో తట్టి తండ్రి పక్కన కూలబడింది.

"బాపూ, ఇది మంచికే జరిగింది. కాకి నెత్తి మీద తన్నితే గండం తప్పనీకి ఏం జేస్తరు? మనిషి పోయిండని అబద్ధపు కబురు పంపుతరు. ఏడ్చినోళ్ల కన్నీళ్లు ఎన్ని పడితే అన్నేండ్ల ఆయుష్షు. నేను ఆసిఫాబాద్ కాంచి ఏడ్సుకుంట వచ్చిన."

జలపతిరావు నమలడం ఆపాడు. "నిజమే గదనే. అయితే నేను బతికున్ననని ఇప్పుడే చాటించకుండ్రి. ఇంకా దూరపోళ్లున్నరు. ఎవలు ఏడుస్తుంటె వాళ్లను ఏడ్వనీయుండ్రి. పదకొండు దినాలు గట్లనే నడవనీ."

"మరి నా సంగతి ఏంది బాపూ?" అన్నాడు శ్రీధర్‌రావు ఒరిగిన కుర్చీలోంచి. "నువ్వు బతికున్నవని రేపు పొద్దుగాల ఊరంత చెప్తెనే గదా, వాళ్లు మల్ల మీటింగు పెట్టేది."

"నీ కుర్సీ పెద్దదా, నా పాణం పెద్దదా?"

అడిగినవాడు తండ్రి గనుక దీనికి ఒకటే జవాబుంది. దానితో అధ్యక్ష పదవి పూర్తిగా మునిగింది.

అంతవరకూ గడప దగ్గర నిలబడి ఉన్న జానకీబాయి బయటికి వచ్చింది. పొద్దుటినుంచి కమిటీ కోసం మూడుసార్లు మరిగించిన పాల గిన్నెను మామగారి పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మామ చెప్పినట్టే కానియ్యుండ్రి" అంది, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా. "పదకొండు దినాలు మైల. మైలింట్ల పొయ్యి ముట్టియ్యద్దు. ముట్టిస్తే పొగ చూసి మంది నమ్మరు, మామ ఆయుష్షుకే నష్టం. తిండి ఇరుగుపొరుగు పంపుతరు. పొయ్యి లేనంక నాకు ఈడ పనేమున్నది? తారా వదినె ఎంబడి సాయంత్రం బస్సుకు ఆసిఫాబాద్ పోత. పన్నెండో నాడు వస్త."

శ్రీధర్‌రావు తండ్రివైపు చూశాడు. తండ్రి పాల గిన్నెలోకి చూశాడు. తారాబాయి మరదలికి చోటిస్తున్నట్టు అరుగు మీద కొంచెం జరిగింది.

కాదనాలంటే గొంతు పెంచాలి. చావింట్లో గొంతు పెంచి మాట్లాడటం మర్యాద కాదు.